మార్కులతో మారని ప్రేమ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే పూర్వ విద్యార్థులం సాధారణంగా ఎలా పైకొచ్చామో రాస్తాం. అది చదివితే పిల్లలకు ఉత్సాహం వస్తుంది, మంచిదే. నేను మాత్రం ఈసారి ఓడిపోయిన రోజు గురించి రాయదలిచాను. మన హాస్టల్లో అన్ని మతాల పిల్లలూ ఒకే వరుసలో కూర్చుని తింటారు. కాబట్టి ఇది ఎవరి నమ్మకాన్నీ మార్చడానికి రాస్తున్నది కాదు. ఆదివారం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని చర్చికి వెళ్ళే తమ్ముళ్ళతో ఒక అన్నగా మాట్లాడుతున్నాను. మిగిలినవాళ్ళు చదివినా సంతోషమే.

1998లో పదో తరగతి ఫలితాలు పేపర్లో పడ్డాయి. మా ఊరి టీకొట్టు దగ్గర ఒకే పేపరు పదిమంది చేతులు మారింది. నా ముందు నంబరు ఉంది, నా తర్వాతి నంబరు ఉంది, నాది లేదు. లెక్కల్లో పోయింది. 35 రావలసిన చోట 27 వచ్చాయని మెమో చూశాక తెలిసింది. పరీక్షలకు ముందు మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. హాల్ టికెట్ బైబిల్లో పెట్టి ప్రార్థన చేయించుకున్నాను. అంత చేసినా పోయేసరికి నాకు అనిపించింది ఒక్కటే, దేవుడికి నేనంటే ఇష్టం లేదు.

ఆ ఆదివారం చర్చిలో పాసైన పిల్లలు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పారు. దేవుడు ప్రేమించి పాస్ చేశాడన్నారు. నేను చివర్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ప్రేమించి వాళ్ళను పాస్ చేస్తే, నన్ను ఏం చేసినట్టు? బయటికి వచ్చాక ఒక పెద్దాయన నా భుజం తట్టి, "విశ్వాసం తక్కువైంది బాబూ" అన్నాడు. మార్కులు తక్కువైన బాధ చాలదన్నట్టు అది కూడా తోడైంది.

కానీ అదే ఆరాధనలో మా అమ్మ లేచి వెళ్ళి కృతజ్ఞత కానుకగా పది రూపాయలు వేసింది. మిరపకోతల్లో సంపాదించి కొంగున ముడేసి దాచుకున్న కూలి డబ్బు అది. ఇంటికి రాగానే కోపంగా అడిగాను, "నేను పోతే కానుక ఎందుకమ్మా?" అని. ఆమె పొయ్యి ఊదుతూనే, "పాసైతేనే నా కొడుకువా? పోతే కాదా? కన్నదాన్ని నాకే అట్టాంటి లెక్క లేనప్పుడు ఆయనకు ఉంటదా? అన్నం తిను. మళ్ళీ రాద్దువులే" అంది.

మా అమ్మకు చదువు రాదు. ఆ తర్వాత నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ ఆ మాటకు మించినది వినలేదు.

తమ్ముళ్ళారా, నేను చెప్పదలిచింది ఇంతే. దేవుని ప్రేమ మారనిది అని పాడుతూనే, దాన్ని మన రిజల్ట్‌తో కొలుస్తున్నాం. ఉద్యోగం వస్తే ప్రేమించాడంటాం, జ్వరం వస్తే శిక్షించాడంటాం. అలా అయితే ఆ ప్రేమ మారనిదెలా అవుతుంది? సోమవారం ఒక రకంగా, మంగళవారం ఒక రకంగా ఉండేది వాతావరణం గానీ ప్రేమ కాదు.

బైబిల్లో విలాపవాక్యముల గ్రంథం తీసి చూడండి. దేవుని వాత్సల్యం ప్రతి ఉదయం కొత్తగా ఉంటుందని చెప్పే భాగం మూడో అధ్యాయంలో ఉంది. దాన్ని గోడ క్యాలెండర్ల మీద పూల బొమ్మల పక్కన అచ్చువేస్తారు. కానీ ఆ గ్రంథం పుట్టింది పూలతోటలో కాదు. క్రీస్తుపూర్వం 586లో బబులోను సైన్యం యెరూషలేమును పడగొట్టి, దేవాలయాన్ని కాల్చి, జనాన్ని చెరపట్టుకుపోయింది. ఆ పుస్తకం నిండా ఆకలితో ఏడ్చే పిల్లలున్నారు, కూలిన గోడలున్నాయి. సరిగ్గా వాటి మధ్య నిలబడి ఆ రచయిత దేవుని కృప తరగలేదన్నాడు. అంతా బాగున్నప్పుడు చెప్పిన మాట కాదు కాబట్టే దానికి అంత బరువు.

అంత దూరం ఎందుకు, మా ఒంగోలు ప్రాంతం సంగతే చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ఆ సంవత్సరమే యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి, మాదిగవాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత 1876 నుంచి 1878 దాకా మహా కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. అయితే ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం ఎవరూ మతం పుచ్చుకోకూడదన్నది ఆయన ఉద్దేశం. సుమారు 15 నెలల తర్వాత, 1878లో మళ్ళీ మొదలుపెట్టాడు. జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

గింజల కోసం చేరారని మన పెద్దలను ఎగతాళి చేసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. మనం కూడా తెలుసుకోవాలి. వాళ్ళు కరువు చూసినవాళ్ళు, ఇంట్లోవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు. రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయంలో క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని విడదీయలేనివాటి పట్టిక ఒకటుంది. అందులో కరువు కూడా ఉంది, కట్టుకోను బట్ట లేకపోవడం కూడా ఉంది. ఆ పట్టిక చదివినప్పుడు మన ముత్తాతలకు వివరణ అవసరమై ఉండదు. ఆ మనుషుల మనవళ్ళం మనం, ఎనిమిది మార్కులకే దేవుడు వదిలేశాడనుకుంటే ఎలా?

అయితే దేవుడు ఎలాగూ ప్రేమిస్తాడు, చదవకపోయినా ఫరవాలేదా అని కొందరు అడుగుతారు. కాదు. క్లౌ ప్రార్థన చేశాడు, కాలువా తవ్వించాడు. నేనూ ఆ ఎండాకాలం ఒక సీనియర్ అన్న దగ్గర బీజగణితం మొదటి నుంచీ నేర్చుకున్నాను. సప్లిమెంటరీలో 41 మార్కులతో గట్టెక్కాను. ప్రేమ పోతుందన్న భయంతో చదివిన చదువు పరీక్ష హాల్లో చేతులు వణికించింది. ప్రేమ ఎక్కడికీ పోదని తెలిసి చదివిన చదువు తలకెక్కింది. అంతే తేడా. నేను పాసైన రోజు దేవుని ప్రేమ పెరగనూ లేదు.

నాతోపాటు సప్లిమెంటరీ రాసిన మిత్రుడొకడు మళ్ళీ పోయాడు. పెట్టె సర్దుకుని ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. రోజూ తెల్లవారుజామున హ్యాండిల్ మీద తల వాల్చి ప్రార్థన చేసుకుని మొదటి బేరం ఎక్కించుకుంటాడు. దేవుని ప్రేమ గురించి అతనికి తెలిసినంత నాకు తెలియదని నా నమ్మకం. కానీ ఏ వార్షికోత్సవానికీ రాడు. "అందరూ ఆఫీసర్లు, నేనేం మొహం పెట్టుకుని వస్తాను" అంటాడు. అతనికి ఆ మొహమాటం కల్పించింది మనం కాదా?

మనలో చాలామందికి ఇంకో భయం కూడా ఉంది. చర్చిలో ఒక పేరు, స్కూలు రిజిస్టరులో ఒక పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు గానీ క్రైస్తవులైన దళితులకు లేదు. మన దగ్గర వాళ్ళను బి.సి. 'సి' గ్రూపులో ఉంచారు. ఊళ్ళో బావి దగ్గర మాత్రం ఎవరూ మతం అడిగి దూరం పెట్టలేదు. ఇది న్యాయమా కాదా అన్నది పెద్దలు, కోర్టులు తేల్చవలసిన సంగతి, మనం గట్టిగా అడగవలసిన సంగతి కూడా. అది తేలేవరకు పిల్లల మనసు నలగకూడదు. కాగితం మీద గడి మారితే మనకొచ్చే హక్కు మారవచ్చు. రెండు పేర్లూ తెలిసినవాడి ప్రేమ మారదు.

2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు మనం మరిచిపోలేదు. అలాంటి వార్త చదివినప్పుడల్లా నాకు మా ఊరి టీకొట్టు గుర్తుకొస్తుంది. మా అమ్మలాంటి మాట ఆ పిల్లలకు ఆ పూట ఒక్కరైనా చెప్పి ఉంటే అనిపిస్తుంది. తమ్ముడూ, నీకెప్పుడైనా అంత చీకటి కమ్మితే ఒంటరిగా ఉండవద్దు. పక్క మంచం వాడిని లేపు, వార్డెన్ గారి తలుపు కొట్టు, అమ్మకు ఫోన్ చెయ్యి. సాయం అడగడం విశ్వాసం తక్కువ కావడం కాదు.

చివరగా రెండు మనవులు. చర్చి పెద్దలారా, ఫలితాలు వచ్చిన ఆదివారం పాసైనవాళ్ళతోపాటు పోయినవాళ్ళనూ ముందుకు పిలిచి ప్రార్థన చేయండి. పూర్వ విద్యార్థులారా, వచ్చే ఏడాది ఆహ్వానాలు రాసేటప్పుడు మధ్యలో చదువు మానేసిన మిత్రుల పేర్లు మొదట రాయండి. నా మిత్రుడిని నేనే వెళ్ళి తీసుకొస్తాను, అతని ఆటోలోనే.