ఒప్పందంలో ఆ మాట ఉందా?

ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లయినా, కరీంనగర్‌లో రైస్‌మిల్లయినా అన్నదమ్ములు కలిసి పెడితే భాగస్వామ్య ఒప్పందం రాసుకోవడం మామూలే. వాటాలు, పెట్టుబడులు జాగ్రత్తగా రాస్తారు. జీతం దగ్గరకొచ్చేసరికి 'మనలో మనకెందుకు' అని వదిలేస్తారు. దెబ్బ పడేది అక్కడే.

1993-94 మదింపు సంవత్సరం నుంచి లాభంపై పన్ను సంస్థే కడుతోంది. భాగస్తుల వాటాపై మళ్లీ పన్నుండదు. కానీ సంస్థకు శ్లాబులు లేవు, మొదటి రూపాయి నుంచే 30 శాతం. పైన 4 శాతం సెస్సు.

ఇద్దరన్నదమ్ముల మిల్లుకు 2025-26లో 10 లక్షల లాభం వచ్చిందనుకుందాం. ఒప్పందంలో జీతం ఊసే లేకపోతే పన్ను 3.12 లక్షలు. పనిచేసే భాగస్తులకు జీతమని, దాన్ని లెక్కగట్టే పద్ధతినీ రాసుకుంటే? తొలి 6 లక్షల్లో 90 శాతం, మిగతాదాంట్లో 60 శాతం... మొత్తం 7.8 లక్షల దాకా ఖర్చుగా చూపొచ్చు. మిగిలిన 2.2 లక్షలపై సంస్థ కట్టేది రూ.68,640. ఒక్కొక్కరికీ వచ్చే జీతం 3.9 లక్షలు. వేరే ఆదాయం లేకుంటే కొత్త విధానంలో దానిపై పన్ను లేదు. పెట్టుబడిపై 12 శాతం దాకా వడ్డీకీ ఇలాంటి వెసులుబాటుంది. అదీ ఒప్పందంలో ఉండాల్సిందే.

జీతం, వడ్డీ కలిపి ఏడాదికి రూ.20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలన్న నిబంధన 2025 ఏప్రిల్ 1న వచ్చింది. పన్ను పడనివాళ్లు రిటర్ను వేసి వాపసు తీసుకోవచ్చు.

ఇవాళ రాసిన మాట నిన్నటి లాభానికి వర్తించదు. బీరువాలోని ఒప్పందాన్ని ఓసారి తీసి చదివితే మంచిది.