అట్టడుగు నుంచి ఆఖరి మెట్టు ముందు దాకా

అక్టోబర్ 31 రాత్రి ఢిల్లీ త్యాగరాజ్ ఇండోర్ స్టేడియంలో దబాంగ్ ఢిల్లీ 31-28తో పుణేరి పల్టన్‌ను ఓడించి ప్రొ కబడ్డీ 12వ సీజన్ కప్పు ఎత్తుకుంది. తెల్లవారితే నవంబర్ 1. 1954లో ఫ్రెంచి వారి చేతి నుంచి పాలన మారిన రోజుగా పుదుచ్చేరి విమోచన దినం జరుపుకుంటుంది. రెండేళ్ల తర్వాత అదే తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పుదుచ్చేరి మేట్టుపాళయంలో ఉండే తెలుగువాడికి ఈ రెండూ కలిసి రావడం ఏటా ఉన్నదే. ఈసారి మాత్రం వాటితో పాటు ఒక వెలితీ వచ్చింది. తెలుగు టైటాన్స్ ఆ ఫైనల్లో లేదు. రెండు రోజుల ముందే, క్వాలిఫయర్-2లో, 45-50తో పుణేరి పల్టన్ చేతిలో ఆగిపోయింది.

అయిదు పాయింట్ల తేడా. 12 సీజన్లలో టైటాన్స్ ఒక్కసారైనా ఫైనల్ గడప తొక్కలేదు. అయినా ఈ సీజన్‌ను ఓటమి పద్దులో రాయడానికి మాకు చేయి రావడం లేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

లీగ్ 2014 జులైలో మొదలైంది. ఎనిమిది జట్లలో ఒకటి మనది. మిగతావి చాలావరకు ఊరి పేరు పెట్టుకుంటే మనది భాష పేరు పెట్టుకుంది. సొంత మైదానం మొదట విశాఖ, ఆ తర్వాత హైదరాబాద్ గచ్చిబౌలి. తొలి ఆరు సీజన్లూ రాహుల్ చౌదరి కూత మీదే నడిచాయి. ఉత్తరప్రదేశ్ కుర్రాడు, అయినా తెలుగు ఊళ్లలో పిల్లలు చెడుగుడు ఆడుతూ తొడ కొట్టినప్పుడు నోట వచ్చిన పేరు అతనిదే. 2015లో సెమీస్‌లో బెంగళూరు బుల్స్‌తో ఒక్క పాయింటు తేడాతో, 38-39తో, పోయింది. మూడో స్థానం దక్కింది. 2016లో మళ్లీ సెమీస్, ఈసారి జైపూర్ పింక్ పాంథర్స్ ఆపింది. ఆ సీజన్ ఫైనల్ జరిగింది గచ్చిబౌలిలోనే. ఇంటి వాకిట్లో పందిరి వేసి, పెళ్లి పక్కింటి వాళ్లకు చేసినట్టయింది. పట్నా పైరేట్స్ కప్పు తీసుకుపోయింది.

ఆ రెండు అవకాశాల తర్వాత జట్టు నేర్చుకోవలసిన పాఠం నేర్చుకోలేదన్నది మా అభిప్రాయం. రాహుల్ ఆడితే గెలుపు, రాహుల్‌ను పట్టేస్తే బరి ఖాళీ. ఈ లెక్క అందరికీ తెలిసిపోయింది. అతన్ని వదులుకున్నాక కూడా యాజమాన్యం వెతికింది ఇంకో రాహుల్‌నే. 2019లో సిద్ధార్థ్ దేశాయ్ మీద 1.45 కోట్లు పెట్టింది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ మీద 2.605 కోట్లు పెట్టింది. లీగ్ చరిత్రలోనే అంత ధర మరెవరికీ పలకలేదు. ఫలితం ఏమిటంటే, 8వ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒక గెలుపు. 9వ సీజన్‌లో రెండు. పవన్ వచ్చిన 10వ సీజన్‌లోనూ రెండే. మూడు సీజన్లు వరసగా అట్టడుగు. 66 మ్యాచ్‌లు, అయిదు గెలుపులు. కోచ్‌లు మారారు, కెప్టెన్లు మారారు, పట్టికలో చోటు మారలేదు.

కబడ్డీలో డబ్బు ఎందుకు ఇలా వృథా అవుతుందో ఆట స్వభావంలోనే ఉంది. రైడర్ బరిలో ఉండేది 30 సెకన్లు. అతన్ని ఒకసారి పట్టేస్తే బయట కూర్చోవలసిందే. అతను తిరిగి రావాలంటే మిగతా వాళ్లు పాయింటు తేవాలి. కోట్ల ఖరీదు చేసే ఆటగాడు సగం మ్యాచ్ బెంచీ మీద ఉండే ఆట ఇది. బ్యాస్కెట్‌బాల్‌లో ఒక మహానుభావుడు దాదాపు ఆట సాంతం కోర్టు మీద ఉండి జట్టును మోసుకెళ్లగలడు. మన బరిలో ఆ వీలు లేదు. అతన్ని బతికించే రెండో రైడర్ కావాలి, మూడో రైడర్ కావాలి, అవతలి వాళ్ల కాలు మడమ దగ్గర పట్టి వదలని కార్నర్లు కావాలి.

2024లో కృష్ణకుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు. టైటాన్స్ ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన 8వ సీజన్‌లో దబాంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చిపెట్టింది ఆయనే. 11వ సీజన్‌లో పవన్ గాయంతో కొన్నాళ్లు దూరమైతే జట్టు కూలిపోవాలి, పాత అలవాటు ప్రకారం. కూలిపోలేదు. విజయ్ మాలిక్ భారం ఎత్తుకున్నాడు. 22 మ్యాచ్‌లలో 12 గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. అప్పుడు ప్లేఆఫ్స్‌కు ఆరు జట్లే. ఒక్క మెట్టు తక్కువ. ఈ ఏడాది చూసిన మంచికి విత్తనం పడింది ఆ ఏడో స్థానంలోనే అని మేమనుకుంటున్నాం. ఆ తర్వాత వేలంలో పవన్‌ను వదులుకుని, విజయ్ మాలిక్‌ను నిలుపుకుని, 81 లక్షలకు భరత్ హుడాను తెచ్చుకున్నారు. అదే వేలంలో ఇతర జట్లు ఒక్కో ఆటగాడికి రెండు కోట్లు దాటించాయి.

ఆగస్టు 29న సీజన్ విశాఖలో మొదలైంది. ఏడేళ్ల తర్వాత ప్రొ కబడ్డీ మళ్లీ ఆ ఊరికి వచ్చిన రోజు. ప్రత్యర్థి తమిళ్ తలైవాస్. ఆ జట్టులో పవన్! 38-35తో తలైవాస్ గెలిచింది. మేట్టుపాళయం పారిశ్రామికవాడలో పనిచేసే తెలుగువాడికి మర్నాడు తమిళ తోటిపనివాళ్ల ముందు ఎంత ఇబ్బందో వేరే చెప్పక్కర్లేదు. పుదుచ్చేరి తీరే అంత. ఇక్కడ తమిళం, అదే ప్రభుత్వం కింద గోదావరి పాయ ఒడ్డున, కాకినాడకు దగ్గరలో, తెలుగు యానాం. యానాం వాళ్లకు టైటాన్స్‌ను చూడాలంటే విశాఖ. మనకు చెన్నై, 150 కిలోమీటర్లు. అక్కడ ఆడితే స్టేడియమంతా తలైవాస్ జెండాలే.

మరుసటి రోజు యూపీ యోధాస్‌తో కూడా ఓటమి. సొంతగడ్డ మీద రెండుకు రెండూ పోయాయి. పాత టైటాన్స్ అయితే అక్కడితో సరి. ఈ జట్టు తర్వాత జైపూర్‌ను ఓడించి నిలదొక్కుకుంది. 18 లీగ్ మ్యాచ్‌లలో పది గెలిచి నాలుగో స్థానంతో ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. 2016 తర్వాత సెమీస్ దరిదాపుల్లోకి రావడం ఇదే. భరత్, విజయ్ ఇద్దరూ కూత పంచుకున్నారు. శుభమ్ షిండే, అజిత్ పవార్, అంకిత్ వెనుక కాపు కాశారు.

ప్లేఆఫ్స్‌లో మూడు మ్యాచ్‌లు. బెంగళూరు బుల్స్‌ను 37-32తో దాటింది; పదేళ్ల కిందటి ఒక్క పాయింటు గుర్తున్నవాళ్లకు ఆ గెలుపు రుచి వేరు. వరస విజయాలతో దూసుకొస్తున్న పట్నా పైరేట్స్‌ను 46-39తో నిలువరించింది. పుణేరి దగ్గర ఆగింది. ఆ రాత్రి భరత్ ఒక్కడే 23 పాయింట్లు తెచ్చాడు. 45 పాయింట్లు చేసిన జట్టు మామూలుగా ఓడదు. పుణేరి రైడర్ ఆదిత్య షిండేను ఆపలేక 50 ఇచ్చింది కాబట్టి ఓడింది. తప్పు ఎక్కడుందో దాచుకోవలసిన పని లేదు. రైడర్లు తమ వంతు చేశారు, పట్టు సడలింది.

అమెరికా బ్యాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక జట్టు 82 లీగ్ మ్యాచ్‌లు ఆడి, ఆపైన ప్లేఆఫ్స్‌లో ఏడింటికి నాలుగు గెలవాలి. ఒక రాత్రి పట్టు సడలితే రెండో రాత్రి సరిదిద్దుకోవచ్చు. మనకు 40 నిమిషాలే, ఆ రోజుదే తీర్పు. ఇలాంటి పోటీలో కప్పును మాత్రమే కొలబద్దగా పెట్టుకుంటే మంచి జట్టుకూ అదృష్టవంతమైన జట్టుకూ తేడా తెలియదు. ఏళ్ల తరబడి ప్లేఆఫ్స్‌కు చేరుతోందా, లేదా? అడగవలసింది అది. టైటాన్స్ యాజమాన్యం ఈ ఓటమి చూసి తొందరపడి వచ్చే వేలంలో మళ్లీ రెండు కోట్ల పేరు కోసం వెంపర్లాడితే మూడేళ్ల అట్టడుగు మళ్లీ చూడాల్సి వస్తుంది.

ఇంకో బాకీ ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. రాహుల్ ఉత్తరప్రదేశ్, సిద్ధార్థ్ మహారాష్ట్ర, పవన్ ఢిల్లీ. విజయ్, భరత్, కోచ్ హుడా ముగ్గురూ హర్యానా. పన్నెండు సీజన్లుగా జట్టు ముందు వరసలో తెలుగు ఊరి నుంచి వచ్చిన పేరు కోసం వెతుక్కోవలసి వస్తోంది. ఎక్కడివాడైనా మన జెర్సీ వేసుకుంటే మనవాడే, ఇందులో పేచీ లేదు. కానీ సంక్రాంతికి గోదావరి జిల్లాల్లోనూ పల్నాడులోనూ నల్లగొండలోనూ లైట్లు కట్టి కబడ్డీ ఆడించని మండలం అరుదు. ఆడేవాళ్లకు కొదవ లేదు. హర్యానాలో ఆ కుర్రాడికి ఊళ్లోనే అకాడమీ ఉంటుంది, రైల్వేలోనో సర్వీసెస్‌లోనో ఉద్యోగం కనిపిస్తుంది, చిన్నప్పుడే మ్యాట్ మీద బూట్లతో కాలు తిప్పడం అలవాటవుతుంది. మన కుర్రాడు ఇరవై ఏళ్ల దాకా మట్టిలో ఉత్త కాళ్లతో ఆడి, సెలక్షన్‌లో మొదటిసారి మ్యాట్ ఎక్కుతాడు. మట్టి మీద కాలు నిలిచే తీరు వేరు, మ్యాట్ మీద వేరు. పట్టు పట్టే లెక్క మొత్తం మారిపోతుంది.

ఈ బాధ్యత ప్రభుత్వాలది, కబడ్డీ సంఘాలది అంటే నిజమే. కానీ భాష పేరు వాడుకుంటున్న ఫ్రాంచైజీకీ అందులో వాటా ఉంది. సీజన్ లేని నెలల్లో యానాంలో ఒక వారం, నల్లగొండలో ఒక వారం, శ్రీకాకుళంలో ఒక వారం మ్యాట్ పరిచి, 18 ఏళ్ల లోపు పిల్లలను పిలిచి కృష్ణకుమార్ హుడా ఎదుట ఆడించమనండి. ఒక పేరున్న రైడర్‌కు పెట్టే ధరలో దానికయ్యే ఖర్చు ఏపాటిది? పుదుచ్చేరి ప్రభుత్వం యానాంలో స్థలం ఇవ్వడానికి వెనకాడకూడదు. ఆ శిబిరాల్లో తేలిన వాళ్లలో ఇద్దరినైనా వచ్చే సీజన్ శిక్షణకు తీసుకుంటామని యాజమాన్యం వేలానికి ముందే ప్రకటించాలి.