బోర్డు మీద సైకాలజిస్ట్... రిజిస్టర్‌లో?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో ప్రాణాలు కోల్పోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెప్పింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించిన న్యాయమూర్తులు విక్రమ్‌నాథ్, సందీప్ మెహతా అంతటితో ఆగలేదు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్ట్‌నో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలన్నారు. కోచింగ్ సెంటర్లకూ మినహాయింపు లేదు. మహారాష్ట్రలోని మరాఠ్వాడా పల్లెల పిల్లలు డాక్టర్ సీటు ఆశతో కోచింగ్‌కు వచ్చి చేరే నాందేడ్‌కు ఈ తీర్పు నేరుగా తగిలింది.

అర్హత గలవారంటే ఎవరు? చిక్కంతా ఇక్కడే ఉంది.

సైకియాట్రిస్ట్ సంగతి తేలిక. ఎంబీబీఎస్, ఆపైన మానసిక వైద్యంలో పీజీ, మెడికల్ కౌన్సిల్ నంబరు ఉంటాయి, మందులు రాస్తారు. మందు రాయకుండా మాటతో, పరీక్షలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్ట్‌కు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్టర్‌లో పేరుండాలి. సైకాలజీలో ఎంఏ ఒక్కటే ఉంటే చాలదు. రోగుల మధ్య, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రెండేళ్ల ఎంఫిల్ శిక్షణ ఇంతకాలం రాజమార్గంగా ఉంది. రిజిస్టర్‌లో లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంతకంటే ఎక్కువ ఒక్క సిట్టింగ్‌కే తీసుకునేవాళ్లున్నారు!

ఇక కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఇప్పటికీ పెద్దగా అడ్డేమీ లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మిగతా సైకాలజిస్టులను తన పరిధిలోకి తెచ్చుకుంది కానీ, దాని అమలు నత్తనడకన సాగుతోంది. అందుకే ఫీజు కట్టేముందు, క్లినికల్ సైకాలజిస్ట్‌నంటే ఆర్‌సీఐ నంబరు అడగడం, మండలి వెబ్‌సైట్‌లో పేరు సరిచూసుకోవడం మర్యాద తక్కువ పనేమీ కాదు. నిజంగా చదివొచ్చినవారు నొచ్చుకోరు.

నాందేడ్‌లో ఈ వెతుకులాటకు ఇంకో మెలిక ఉంది. నిజాం కాలంలో, నాందేడ్ కూడా భాగమైన హైదరాబాద్ సంస్థానపు మానసిక చికిత్సాలయం మరాఠ్వాడాలోని జాల్నాలోనే ఉండేది. 1950ల తొలినాళ్లలో అది హైదరాబాద్ ఎర్రగడ్డకు తరలింది. 1956లో రాష్ట్రాలు విడిపోయాక నాందేడ్ ఒకవైపు, ఆ ఆస్పత్రి మరోవైపు మిగిలాయి. మహారాష్ట్రలో చిరకాలంగా ఉన్న నాలుగు ప్రాంతీయ మానసిక ఆస్పత్రులు పుణె, ఠాణే, నాగ్‌పుర్, రత్నగిరిలో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ మరాఠ్వాడాది కాదు. నాందేడ్‌కు చేరువలో పెద్ద దిక్కు విష్ణుపురిలోని శంకర్‌రావు చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల.

పైగా ఊళ్లో తరాలుగా స్థిరపడిన తెలుగు పద్మశాలీ కుటుంబాలున్నాయి. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు సరిహద్దు పల్లెల్లో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. బజారులో మరాఠీ, ఆఫీసులో హిందీతో నెట్టుకొచ్చే ఇల్లాలు కడుపులో బాధ చెప్పుకోవాలంటే తెలుగే కావాలి. ధర్మాబాద్, బాసర మీదుగా రైలెక్కి నిజామాబాదో హైదరాబాదో వెళ్లొచ్చు. నెలకోసారి మందుల కోసమైతే ఆ ప్రయాణం కుదురుతుంది. వారం వారం గంటసేపు కూర్చోవాల్సిన చికిత్సకు కుదరదు. వీడియో కాల్ ఈ కొరతను కొంత తీర్చింది, రిజిస్టర్ చూసుకోవాల్సిన పని మాత్రం అక్కడా తప్పదు. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగు, మరాఠీ రెండూ పలుకుతాయి. మరాఠ్వాడా, విదర్భ రైతుల కోసం 2015లో మహారాష్ట్ర తెచ్చిన ప్రేరణ పథకం ఆశా కార్యకర్తలను ఇంటింటికీ పంపింది. కుంగుబాటును గుర్తించడం వారి వల్ల అవుతుంది, చికిత్స చేయాల్సింది మళ్లీ నిపుణులే.

ఆ చికిత్స ఎందరికి అందుతోందో లెక్క చూస్తే ధైర్యం రాదు. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. ఆ పన్నెండింటిలో మహారాష్ట్ర లేదు, తెలుగు రాష్ట్రాలూ లేవు. ఎంఫిల్‌కు 2025-26 ప్రవేశాల దాకానే గడువిచ్చారు, దాని బదులు వచ్చే కొత్త కోర్సుల వాళ్లు చేతికందడానికి సమయం పడుతుంది. ఈలోగా కోచింగ్ సెంటర్లు చిన్నపాటి సర్టిఫికెట్ కోర్సు చేసినవారితో తీర్పును కాగితం మీద అమలు చేసేయగలవు. కలెక్టర్ల అధ్యక్షతన జిల్లా పర్యవేక్షణ కమిటీలు ఉండాలని అదే తీర్పు చెప్పింది. నాందేడ్ కమిటీ చేయదగిన మొదటి పని ఒకటుంది: ర్యాంకుల ఫొటోలు వేసే ప్రాస్పెక్టస్‌లోనే కౌన్సెలర్ చదువు, రిజిస్ట్రేషన్ నంబరు, మాట్లాడగల భాషలు కూడా అచ్చువేయించడం.