పెరటి పాదులు బతకాలంటే గుట్ట మీద పండ్ల చెట్లు పెరగాలి

కీసరగుట్ట చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు పెరడు లేని ఇల్లు అరుదు. గిన్నెలు తోమిన నీళ్లు, స్నానం చేసిన నీళ్లు పోసుకుంటూ ఒక బీరపాదు, ఒక చిక్కుడు పందిరి, నాలుగు వంగ మొక్కలు, గోడవారన జామచెట్టు పెంచుకునేవారు. అరుగు మీద కూర్చున్న పొరుగింటామెకు నాలుగు కాయలు కోసి ఇవ్వని ఇల్లాలు ఉండేది కాదు. నేడు కీసర, చీర్యాల, భోగారం వైపు వెళ్లి చూస్తే పందిరి గుంజలు మిగిలిన చోట పాదులు మిగలలేదు. కారణం అందరికీ తెలిసిందే. కోతులు.

పొద్దెక్కకముందే గుంపు దిగుతుంది. పిందెను గిల్లి పారేస్తుంది, పెంకులు లాగుతుంది, వంటింట్లో చొరబడుతుంది. కర్ర పట్టుకుని కాపలా ఉండాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే చాలామంది విత్తనం పెట్టడమే మానుకున్నారు. షామీర్‌పేట, మేడ్చల్ వైపు రైతులు తోటల్లో పండించిన కూరగాయలు బోయినపల్లి మార్కెట్‌కు వెళుతుంటే, పల్లెలో ఉన్నవారు సంచి పట్టుకుని కూరగాయల బండి కోసం ఎదురు చూడవలసి రావడం విచారకరం.

ఈ గుట్టకు కేసరిగిరి అన్న పేరు హనుమంతుని తండ్రి కేసరి వల్ల వచ్చిందని స్థలపురాణం. రాముని కోసం హనుమంతుడు కాశీ నుంచి తెచ్చిన లింగాలే గుట్టంతా పరచుకుని ఉన్నాయని భక్తుల నమ్మకం. కనుక కోతికి అరటిపండు ఇస్తే పుణ్యమని యాత్రికులు తలచడంలో వింత లేదు. అయితే చేతికి తిండి అలవాటైన కోతి అడవిలో వెతుక్కోవడం మరుస్తుంది. తిండి సులువైతే సంతతి పెరుగుతుంది. శివరాత్రి జాతర ముగిసి జనం తగ్గగానే ఆ ఆకలి పెరళ్ల మీద పడుతుంది. చుట్టూ చెట్లు పోయి ప్లాట్లు వెలిసిన తరువాత వాటికి వేరే దారి కూడా లేదు. తప్పు కోతిది కాదు.

2015లో హరితహారం మొదలైనపుడు కోతులు అడవికి తిరిగి పోవాలన్నది నాటి ప్రభుత్వ నినాదం. 2020లో నిర్మల్ వద్ద కోతులకు సంతాన నియంత్రణ ఆపరేషన్లు చేసే కేంద్రం తెరిచారు. కానీ ఒక్క కేంద్రం రాష్ట్రమంతటికీ ఏం సరిపోతుంది? ప్రతి జిల్లాకు ఒకటి అవసరం. ఒక ఊరిలో పట్టి మరో ఊరిలో వదలడం పరిష్కారం కాదు, పొరుగువాడికి తగువు పంపడమే. అటవీ శాఖ గుట్టల మీద నీడ చెట్లకన్నా మేడి, మర్రి, నేరేడు, సీతాఫలం ఎక్కువగా నాటాలి. ఆలయం వద్ద తిండి వేయవద్దని బోర్డు పెట్టడమే కాక చెప్పే మనిషిని కూడా పెట్టాలి. ఇళ్లవారు అంతవరకు కోతి అంతగా ముట్టని పసుపు, అల్లం, కాకర వంటివైనా వేసుకుని పెరడును బీడు కాకుండా కాపాడుకోవాలి.

అరటిపండుతో వచ్చే పుణ్యం ఒక పూటది. అదే భక్తుడు వానాకాలంలో గుట్ట మీద ఒక నేరేడు మొక్క నాటి నీళ్లు పోస్తే కోతికి ఏటా పండు దొరుకుతుంది, కింద ఊరిలో ఒక ఇంటి బీరపాదు పందిరెక్కుతుంది.