ఆరోగ్య ప్రసంగము: అరికాలి నల్లమచ్చ



చర్మమునకు వచ్చెడి మెలనోమా యను కాన్సరు తెల్లవారి వ్యాధియే గాని, చామనచాయవారమగు మనకు రాదని చదువుకొన్న స్త్రీలు సయితము పలుకగా మేము వినుచున్నాము. ఈ మాటలో సత్యమెంతయో, ప్రమాదమెంతయో వేఱుపఱచి చూపుటయే యీ మాసమున మా యుద్దేశము.

మెలనోమా చర్మమునకు రంగునిచ్చు కణములయందు బుట్టును. 2020వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 3,25,000 మందికి ఇది క్రొత్తగా గనబడెననియు, సుమారు 57,000 మంది దీనిచే మరణించిరనియు లెక్కించిరి. ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశములయం దిది మిక్కిలి హెచ్చు. అచ్చటివారిలో బెక్కురు శ్వేతవర్ణులు, ఎండయు తీవ్రము. మన చర్మమందలి మెలనిన్ అను వర్ణద్రవ్యము గొడుగువలె నెండను గొంత యడ్డగించును. అందుచే మనలో నీ వ్యాధి యరుదు. ఇంతవఱకు లోకుల మాట నిజమే.

అయితే ఇందు మఱియొక రకము గలదు. అది అరికాళ్లయందును, అరచేతులయందును, గోళ్ల క్రిందను బుట్టును. దీనిని ఏక్రల్ మెలనోమా యందురు. గ్రీకుభాషలో ఆ మాటకు కొన యని యర్థము. దీనికి ఎండ ముఖ్యకారణము గాదు. కావున నల్లని మేనిచాయ దీనినుండి మనల గాపాడజాలదు.

అమెరికాలో 1986 మొదలు 2005 వఱకు గల లెక్కలను బరిశీలింపగా, ఈ రకము ఏటికి పదిలక్షల మందిలో ఇంచుమించు ఇద్దఱికి వచ్చుచున్నట్లు తేలినది. నల్లవారిలోను, తెల్లవారిలోను ఆ సంఖ్య దాదాపు సమానమే. కాని మెలనోమా లన్నిటిలో దీని పాలు తెల్లవారియందు నూటికి 1 మాత్రమే కాగా, నల్లవారియందు 36. గిద్దెడు నల్లనువ్వులను కుంచెడు బియ్యమున గలిపిన గంటికానవు. ఆ గిద్దెడే తవ్వెడు బియ్యమున గలిపిన నెల్లెడల గనబడును. నువ్వులు పెరుగలేదు, బియ్యమే తగ్గినవి. ఇదియు నట్టిదే.

మనకు రాదను నమ్మకముచే రోగి యాలసించును; ఒక్కొకతఱి వైద్యుడును శంకింపడు. జమైకాదేశపు గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవ్రేలి గోటి క్రింద నీ వ్యాధి బయటపడెను. బంతియాటలో దగిలిన దెబ్బయని మొదట దలచిరి. అతడు 1981 మే 11వ తేదీన, 36 ఏండ్లకే మరణించెను.

మన యిండ్లలో అరికాలి మచ్చను జూచి ప్రయాణయోగమని మురియుటయు గలదు. చిరకాలముగా మార్పు లేక యున్న చిన్న మచ్చకు భయపడ బనిలేదు. క్రొత్తగా బుట్టి పెరుగునదియు, అంచులు వంకరలై రంగు ఒకతీరున లేనిదియు, మానని పుండును శంకింపదగినవి. నల్లరంగు లేకయే యీ వ్యాధి వచ్చుటయు గలదు. ఆనెకాయ యని తలచి కత్తితో గోయరాదు.

నల్లనివారి గోళ్లపై నిలువుచారలు సాధారణము. పలుగోళ్లకు నున్నచో దఱచుగా దోషము లేదు. ఒక్క గోటనే పుట్టి నానాటికి వెడల్పగుచు, గోటి మొదట నున్న చర్మమునకు నలుపు ప్రాకినచో వెంటనే వైద్యునకు జూపవలెను. ఈ గుర్తును ఆంగ్లశస్త్రవైద్యుడు హచిన్‌సన్ 1886లోనే వివరించెను. చిన్నముక్కను దీసి సూక్ష్మదర్శినితో బరీక్షించిననే నిజము తెలియును. తొలిదశయందు గనుగొని కోసివేసిన బెక్కురు స్వస్థులగుదురు.

పారాణియు, గోరింటాకును, గోళ్లరంగును మచ్చలను మఱుగుపఱచును. కావున వానిని బెట్టుకొనుటకు ముందు, నెలకొకమాఱు వెలుతురున అరికాళ్లు, వ్రేళ్లసందులు, గోళ్లు చూచుకొనుడు. ఈ వ్యాధి వయసు మీఱినవారియందే యెక్కువ. వంగి తమ పాదములను దాము చూచుకొనలేని అత్తగారికి, అమ్మమ్మకు, పాదము లొత్తునపుడు మీరే చూచిపెట్టవలెనని మా మనవి.