పక్కింటి బాలింత

తొలి కాన్పుకి పుట్టింటికి రావడం మన ఆనవాయితీ. దానివల్ల నందిగామ, జగ్గయ్యపేట వీధుల్లో ఓ మేలు జరుగుతుంటుంది. తలోచోటికీ కాపురానికెళ్లిన చిన్ననాటి స్నేహితురాళ్లు ఒక్కోసారి ఒకేసారి బాలింతలవుతారు.

మూడోనాడో నాలుగోనాడో పాలు పడి రొమ్ములు గట్టిపడతాయి. ఊరికే ఏడుపొస్తుంది. పెద్దావిడేమో 'దిష్టి' అంటుంది. నెల ముందు కన్న పక్కింటి పిల్ల మాత్రం, 'నాకూ అంతేనే, బిడ్డకు పట్టిస్తుంటే తేలికవుతుంది' అంటుంది. (ఏడుపు రెండు వారాలు దాటితే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే.) ముర్రుపాలు పారబోయొద్దని, గంటలోపే పట్టించమని కాన్పుకి ముందే చెప్పి పంపేదీ ఆమే.

1956లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ఏడుగురు తల్లులు ఇందుకే 'లా లెచే లీగ్' పెట్టారు. ఇక్కడ ఆ పని పిట్టగోడ దగ్గరే నడుస్తోంది. అత్తారింటికి వెళ్లాక ఫోన్లో.