కిరణపు మోతాదు, గడియారపు లెక్క

రాచపుండునకు జేయు కిరణచికిత్సయందు ఔషధము కంటికి గనబడదు. రోగి బల్లపై బరుండును, యంత్రము కొలదికాలము పనిచేయును, రోగి లేచి పోవును. ఎంత మోతాదు పడినదో చెప్పుటకు యంత్రమున నమర్చిన యంకెలే సాక్షులు. ఆ యంకె తప్పిన నేమగునో కోస్టారికా దేశము చవిచూచినది.

1996వ సంవత్సరము ఆగస్టు మాసమున ఆ దేశ రాజధానియగు సాన్ హోసేలోని సాన్ హువాన్ దె దియోస్ వైద్యశాలలో పాత కోబాల్టును దీసి క్రొత్తదాని నమర్చిరి. దాని తీవ్రతను గొలుచునపుడు గడియారమందలి 0.3 నిమిషమును 30 సెకండ్లుగా భావించిరి. నిజమున కది 18 సెకండ్లే! అంత స్వల్పకాలమున వెలువడిన కిరణము 30 సెకండ్లలో వచ్చినదని యెంచుటచే యంత్రము బలహీనమని తోచెను. తత్ఫలితముగా మూడు నిమిషములు చాలినచోట రోగికి ఐదు నిమిషముల కిరణము పడెను. క్రొత్త కోబాల్టు పాతదానికంటె తీవ్రమైనది గనుక చికిత్సాకాలము మునుపటికంటె మిక్కిలి తగ్గవలసియుండెను. ఆ యొక్క విషయము నాలోచించినను గుట్టు బయటపడెడిది. సెప్టెంబరు మాసాంతమున యంత్రము నాపులోపల 115 మంది యీ పొరపాటునకు గుఱియైరి. వారిలో గొందఱి మరణమునకు అధికమోతాదే కారణమని అంతర్జాతీయ అణుశక్తిసంస్థ నిపుణులు తేల్చిరి.

కొలిచినవారొక్కరే. మఱియొకరు వేఱుపరికరముతో గొలిచి చూచుట యను నియమమే లోపించెను. మా యభిప్రాయమున ఆ వ్యక్తి పొరపాటుకంటె ఈ లోపమే పెద్దది.

అధికమోతాదు దాగదు, చర్మము కమలును, ప్రేగులు చెడును. తక్కువమోతాదు మూగది. ఇంగ్లండునందలి స్టోక్ పట్టణమున 1982 మొదలు 1991 వఱకు సుమారు 1000 మందికి మోతాదు తగ్గినది. దూరమునుబట్టి చేయవలసిన సవరణను కంప్యూటరు తానే చేయుచుండగా, సిబ్బంది పాత యలవాటుచొప్పున చేతితో మరల జేయుచువచ్చిరి. పుండు మరల తలయెత్తినచో అది రోగి దురదృష్టమనిరే గాని లెక్క ననుమానించినవారు లేరు. తొమ్మిదేండ్లు గడచినవి!

నూటికి అయిదువంతుల తేడాకు లోబడి మోతాదు పడవలెనని నిపుణుల నిర్ణయము. కోబాల్టు బలము నెలకు నూటికొకవంతు చొప్పున క్షీణించును గావున అమరికలను దానికనుగుణముగా మార్చుచుండవలెను. విద్యుచ్ఛక్తితో నడచు నేటి యంత్రములకు దినదినపరీక్షయే అవసరము. 1969 నుండి వియన్నాలోని పై సంస్థ, ప్రపంచారోగ్యసంస్థతో గూడి, చిన్న కొలతగుళికలను టపాలో వైద్యశాలలకు బంపి, అవి గ్రహించిన కిరణమును తానే కొలిచి చూచుచున్నది. మన దేశమున భాభా అణుపరిశోధన కేంద్రమును ఇట్టి పరీక్షలను నడపినది. వ్యయమా స్వల్పము.

చికిత్సకు బోవు రోగి బంధువులు వైద్యుని పేరు, యంత్రము ఖరీదు విచారింతురు. బయటివారి పరికరముతో ఈ యంత్రమును గడపట గొలిచిన దెన్నడని యడుగువారు లేరు. ఆ తేదీని, వచ్చిన తేడాను ప్రతి చికిత్సాగారపు ద్వారమున వ్రాసి యుంచవలెనని ప్రభుత్వము శాసింపవలెను.